గుమ్మం దాటేసరికి

ఇవాళ నవంబరు పదకొండు, మంగళవారం. పూర్తిగా తెల్లవారకముందే మా గేటు గొళ్ళెం తీసిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే పక్కింటి మావయ్యగారు. స్నానం చేసి, తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకుని, పాలకి తీసుకెళ్ళే స్టీలు క్యాను చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మాయ్, మీ అత్తయ్య ఇటేమైనా వచ్చిందా? ఇంట్లో ఎక్కడా లేదు" అన్నారు.

అత్తయ్యగారు చనిపోయి నాలుగు రోజులైంది. శుక్రవారం పొద్దున్న వంటింట్లో పడిపోయారు. గుండె ఆగిపోయిందన్నారు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ సాయంత్రం చితికి నిప్పు పెట్టింది ఈ మావయ్యగారే. ఆదివారం అస్థికలు గోదాట్లో కలిపింది కూడా ఆయనే.

నేను గేటు పట్టుకుని ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయాను. ఆయన నిజంగానే అడుగుతున్నారు. పాలకి ఆలస్యమవుతోందని కొంచెం చిరాగ్గా కూడా ఉన్నారు.

అత్తయ్యగారు మీలో చాలామందికి తెలియరు. ఊరు దాటి ఎక్కువ తిరిగిన మనిషి కాదు. నలభై ఎనిమిదేళ్ళు బతికారు, ఇంటి వసారాలో కూర్చుని కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీసి చీపుళ్ళు కట్టారు. ఆవిడ చేసిన అసలు పని ఒకటుంది. అది మా వీధిలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవడం నా చదువు, నా పని. అయినా నాకూ తెలియలేదు. అందుకే రాస్తున్నాను.

మాది కొత్తపేట దగ్గర లంక ఊరు. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య మందార కంచె ఒక్కటే అడ్డం. మావయ్యగారు మా రేవులో పంటు నడిపేవారు. మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ అవతలి ఒడ్డుకి దాటించే పంటు. సరంగుగారంటే రెండు ఒడ్లలోనూ తెలుసు. మూడేళ్ళ కిందట వానల్లో గట్టు దారిన బండి మీద వస్తుంటే పచ్చి కొబ్బరిమట్ట ఒకటి విరిగి ఆయన మీద పడింది. తల రాతికి కొట్టుకుంది. కాకినాడ ఆసుపత్రిలో నెలన్నర ఉంచారు. తిరిగొచ్చిన మనిషి నడక బాగుంది, మాట బాగుంది, చిన్నప్పటి సంగతులు అడిగితే వరదల పేర్లతో సహా చెప్పేవారు. "బాగైపోయేరమ్మా, కొంచెం నీరసం అంతే" అని అత్తయ్యగారు అందరికీ చెప్పారు. మళ్ళీ పంటెక్కలేదు. వసారాలో ఆవిడ పక్కన కూర్చుని ఈనెలు తియ్యడం మొదలెట్టారు.

మా వీధిలో అత్తయ్యగారికి మతిమరుపు అత్తయ్యగారని పేరు. ఆ పేరు పెట్టింది నేనే. గుడికి బయల్దేరి నాలుగిళ్ళు దాటాక ఆగిపోయి, "ఏవండీ, తాళం వేసేనంటారా? నాకసలే మతిమరుపు" అనేవారు. మావయ్యగారు జేబు తడుముకుని వెనక్కి వెళ్ళి వేసుకొచ్చేవారు. దారిలో ఎవరైనా పలకరిస్తే, ఆయన నోరు విప్పేలోగానే, "రావులపాలెం అరటిగెలల మార్కెట్లో ఉంటారు కదండీ మీరు? పేరు చెప్పి పుణ్యం కట్టుకోండి, నాకు గుర్తుండి చావవు" అనేవారు. వాళ్ళు నవ్వుతూ పేరు చెప్పేవారు. మావయ్యగారు ఆ పేరు అందుకుని మర్యాదగా మాట్లాడేవారు. "ఇవాళేం వారమండీ?" అని ఆవిడ అడిగితే ఆయన లేచి కాలెండర్ చూసి చెప్పేవారు. అలా రోజుకి ఎన్నిసార్లు అడిగేవారో.

"వదినగారూ, మీ తల మీ దగ్గరే ఉందో లేదో ఓసారి చూసుకోండి" అని మా అమ్మ ఏడిపించేది.

"ఉందమ్మా. ఇందాకే మీ అన్నయ్యగారు వెతికి పెట్టేరు" అనేవారు ఆవిడ.

దీపాలు పెట్టే వేళకి వాళ్ళ వసారాలో బల్ల మీద వస్తువులు వరసగా సర్ది ఉండేవి. ముందు పళ్ళు తోముకునే బ్రష్షు, తర్వాత తువ్వాలు, తర్వాత మడతపెట్టిన చొక్కా, వరస చివర గుమ్మం పక్కన పాల క్యాను. ఒక వస్తువు ఎత్తితే చెయ్యి రెండోదాని మీద పడేలా ఉండేవి. "ఏంటండీ, బొమ్మల కొలువా?" అన్నాన్నేను ఒకసారి. "పొద్దున్నే నాకు దొరకద్దూ? నాకసలే…" అన్నారు. మిగతాది నేనూ ఆవిడా కలిసి అన్నాం.

నేను కాకినాడలో సైకాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. కిందటేడు మా మేడమ్ నాకో పని ఇచ్చారు. తలకి దెబ్బ తగిలిన పెద్దవాళ్ళకి రోజువారీ బతుకులో మరపు ఎంతుందో తెలుసుకోవడానికి కొన్ని ప్రశ్నలుంటాయి. ఆసుపత్రి గదిలో అంకెలూ మాటలూ అప్పచెప్పించే పరీక్షలు వేరు, ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి గుర్తుంచుకోవడం వేరు. ఈ ప్రశ్నలు రెండోదాని కోసం. అవి ఇంగ్లీషులో ఉన్నాయి. "తెలుగు చెయ్యి. పుస్తకం తెలుగు వద్దు. మీ వీధిలో వాళ్ళకి అర్థం కావాలి" అన్నారు మేడమ్.

నాకు తెలుగు మాటల మీద పిచ్చి పట్టింది అప్పుడే. మరపు, మరుపు, ఎరుక, తలపు, ఆనవాలు అని నోట్‌బుక్కు నిండా రాసుకునేదాన్ని. మొదటి ప్రశ్న చాలా గొప్పగా రాశాననుకుని కంచె దాటి వెళ్ళి అత్తయ్యగారికి చదివి వినిపించాను. "సంభాషణ సమయంలో మీకు విషయ విస్మృతి కలుగుతుందా?"

ఆవిడ ఈనెలు తీస్తున్న కత్తి ఆపారు. "అలా ఎవరంటారమ్మా? విస్మృతంటే ఏదో మాత్ర పేరనుకుని, పొద్దున్న వేసుకోవాలా రాత్రా అనడుగుతారు."

"మరేమనాలండీ?"

"'ఏం చెప్తున్నానబ్బా' అని మాట మధ్యలో ఆగిపోతారా, అనడుగు."

అప్పట్నించి రోజూ వెళ్ళేదాన్ని. ఆవిడ చేతులు ఆకు చీరుతుండేవి, నోరు నా ప్రశ్నల్ని బాగుచేస్తుండేది. చేసిన పనే తెలియక మళ్ళీ చెయ్యడం అన్న ప్రశ్నకి, "ఒళ్ళింకా తడిగానే ఉంటుంది, మళ్ళీ తువ్వాలు తీసుకుని నూతి దగ్గరకి వెళ్తారా, అని పెట్టు" అన్నారు. తెలిసిన సంగతి గుర్తు లేకపోవడం అన్నదానికి, "నిన్న చెప్పిన కబురు ఇవాళ కొత్తగా విన్నట్టు వింటారా, అను. కొత్తగా నవ్వుతారు, కొత్తగా ఏడుస్తారు. అదీ చేర్చు" అన్నారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళి ఎందుకు వెళ్ళామో మరిచిపోవడం అన్న ప్రశ్నకి మాత్రం చేతిలో ఆకు కింద పెట్టేశారు. మావయ్యగారు పెరట్లో ఉన్నారు. అటు ఓసారి చూసి, "గుమ్మం దాటేసరికి పని జారిపోతుందా, అని పెట్టు" అన్నారు.

నేను ఎగిరి గంతేశాను. జారిపోవడం! చేతిలోంచి చేప జారినట్టు మనసులోంచి పని జారిపోవడం. ఎర్రసిరాతో రాసి చుట్టూ గీత గీశాను. "ఇవన్నీ మీకెలా తడతాయి అత్తయ్యగారూ?" అనడిగాను.

"నాకు కాకపోతే ఎవరికి తెలుస్తాయమ్మా? మతిమరుపుదాన్ని కదూ" అన్నారు.

ఆ మాటల అందం విన్నాను. ఆవిడ ఎవరిని చూసి చెప్తున్నారో వినలేదు.

ప్రశ్నలు సిద్ధమయ్యాక మేడమ్ ఒకటికి రెండుసార్లు చెప్పి పంపారు. "దెబ్బ తగిలినవాళ్ళని అడిగితే సరిపోదు. తాము మర్చిపోతున్నామన్నది కూడా వాళ్ళకి గుర్తుండదు. ఇంట్లోవాళ్ళని అడగాలి. ఇద్దర్నీ ఒకేచోట కూర్చోబెట్టి అడక్కు." నేను తలూపాను. కాగితాలు పట్టుకుని వెళ్ళేసరికి మావయ్యగారు వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు, అత్తయ్యగారు గుమ్మంలో నిలబడ్డారు.

"మీరోసారి మా ఇంటికి వస్తారా అండీ, ఒక అరగంట?" అన్నాను.

"ఆయన్నొక్కర్నీ వదిలి ఎలా వస్తానమ్మా? కాఫీ వేళ కదూ. ఇక్కడే అడుగు, తప్పేముంది?"

ఎదురుగా ఆయన కూర్చుని ఉంటే, ఆయనకి ఇది లేదు, అది రాదు అని మా వైపు ఏ భార్యా నోటితో అనదు. ఈ ఊళ్ళో పుట్టినదాన్ని, నాకది తెలియాలి. కానీ కాఫీ వాసన వస్తోంది, ఆవిడ నవ్వుతున్నారు, కాదనడం మర్యాదగా అనిపించలేదు. అడిగాను.

మావయ్యగారు ప్రతిదానికీ "అబ్బే, అలాంటిదేం లేదమ్మా" అన్నారు. అత్తయ్యగారు "ఎప్పుడూ లేదు" అన్నారు. తర్వాతదానికీ "ఎప్పుడూ లేదు". నా పెన్ను ఒకే వరసలో కిందకి దిగుతూ పోయింది. గుమ్మం ప్రశ్న దగ్గర ఆవిడ కొంగు సర్దుకుని ఆయన వంక చూశారు. ఆయన కూడా జవాబు కోసం ఆవిడ వంకే చూస్తున్నారు.

"ఎప్పుడూ లేదమ్మా. నేనుండగా ఆయనకేం జారిపోతుంది?"

నేను మొదటి రెండు మాటలూ రాసుకున్నాను. తర్వాతి మాటలు రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

"ఇవే ప్రశ్నలు నన్నడుగు, నిండా మార్కులు నావే" అన్నారు ఆవిడ చివర్లో. ముగ్గురం నవ్వుకున్నాం.

నా తెలుగు ప్రశ్నల్ని క్లాసులో అందరికీ చదివి వినిపించారు మేడమ్. ఆ నెలలోనే మావయ్యగారికి ఆసుపత్రిలో మళ్ళీ చూపించే రోజు వచ్చింది. రామచంద్రపురం మీదుగా వెళ్ళే బస్సులో ముగ్గురం కలిసే వెళ్ళాం. గదిలో పెట్టిన పరీక్షలో తక్కువే వచ్చింది. డాక్టరుగారు నేను నింపి తెచ్చిన ప్రశ్నల కాగితం తిరగేసి, "పరీక్షలో ఇలా ఉన్నా ఇంట్లో బాగా సర్దుకున్నారే. మంచిది. ఇంక మాటిమాటికీ రానక్కర్లేదు" అన్నారు. మరపు ఉన్నవాళ్ళకి అక్కడ ఒక పుస్తకం ఇచ్చి, రోజూ రాసుకోవడం, చూసుకోవడం నేర్పిస్తారు. ఆ జాబితాలోంచి ఆయన పేరు తీసేశారు. బస్సులో వెనక్కి వస్తూ అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. సంతోషం అనుకున్నాను.

ఇంకో రోజు సంగతి చెప్పాలి. రేవులో మావయ్యగారితో పాతికేళ్ళు పనిచేసిన ఆయన ఒకరు కిందటి వేసవిలో పోయారు. ఆ తర్వాత ఒకరోజు నేను వాళ్ళ వసారాలో ఉండగా మావయ్యగారు చెప్పులేసుకుని, "ఓసారి వాణ్ణి చూసొస్తాను, చాలా రోజులైంది" అన్నారు.

అత్తయ్యగారు ఆకు కింద పెట్టలేదు. "ఆయన పోయేరండి, ఎండాకాలంలో. మీరు వెళ్ళి చూసొచ్చేరు. రండి, ఈ మోపు విప్పాలి" అన్నారు.

మావయ్యగారు నిలబడి, కళ్ళు తుడుచుకుని, వచ్చి మోపు విప్పారు. ఆయన లోపలికి వెళ్ళాక, "అంత కటువుగా చెప్పేశారేంటండీ?" అన్నాను.

"నమ్మలేకపోతున్నారు పాపం, అందుకని అడుగుతూంటారు" అన్నారు. ఇంకో ఆకు అందుకుని, "ఏడిపించే మాట చెప్పేక, తర్వాత ఏం చెయ్యాలో కూడా చెప్పాలమ్మా. లేకపోతే మనిషి అక్కడే నిలబడిపోతాడు" అన్నారు.

ఆ మాట కూడా నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఎర్రసిరాతోనే.

శుక్రవారం పొద్దున్న ఏడు దాటింది. నేను కిటికీ పక్కన చదువుకుంటున్నాను. మావయ్యగారు గేటు తోసుకుని గబగబా వచ్చారు. ఒంటి మీద చొక్కా లేదు. చొక్కా లేకుండా ఆయన మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. మా గుమ్మం దాటి లోపలికి వచ్చి, ఆగిపోయారు.

"ఏంటి అన్నయ్యగారూ?" అంది అమ్మ.

ఆయన నోరు తెరిచారు. మా గోడల వంక చూశారు, నా వంక చూశారు. నెమ్మదిగా నవ్వు మొహం పెట్టారు. "ఏదో చెప్దామని వచ్చేనమ్మా…"

"వదినగారు పంపేరా?"

"ఆయ్. అంతే అయ్యుంటుంది."

"ఆవిడ మతిమరుపు మీకూ అంటుకుంది మావయ్యగారూ" అన్నాన్నేను కుర్చీలోంచి లేవకుండా. అమ్మ నవ్వింది. ఆయనా నవ్వారు. "కాఫీ ఇవ్వమ్మా మావయ్యగారికి" అన్నాను. కూర్చుని కాఫీ తాగారు. ఈ ఏడు కొబ్బరికి తెగులెక్కువగా ఉందన్నారు. గ్లాసు కింద పెట్టి, "వస్తానమ్మా, మీ అత్తయ్య చూస్తూంటుంది" అని వెళ్ళిపోయారు.

ఇంకాసేపటికి చీపుళ్ళు కొనడానికి వచ్చిన మనిషి కేక వినబడింది. మేం పరుగెత్తేసరికి అత్తయ్యగారు వంటింట్లో పొయ్యి ముందు పడి ఉన్నారు. మావయ్యగారు వసారాలో కూర్చుని ఈనెలు తీస్తున్నారు. ఊళ్ళో డాక్టరుగారు వచ్చి చూసి, అయిపోయిందన్నారు. "ఒక పావుగంట ముందు తెలిస్తే బతికేవారా అండీ?" అనడిగాను. ఆయన స్టెతస్కోపు మడత పెట్టుకుంటూ, "చెప్పలేనమ్మా" అన్నారు.

గుమ్మం దాటేసరికి పని జారిపోతుందా. ఆ ప్రశ్న చొక్కా లేకుండా వచ్చి మా ఇంట్లో నా ఎదురుగా నిలబడింది. దాన్ని తెలుగు చేసింది నేను. గుర్తుపట్టలేదు. ఆయనకి ఎప్పుడూ ఏదీ జారిపోదని రాసిచ్చింది కూడా నేనే.

తర్వాత మూడు రోజులూ ఇంటి నిండా చుట్టాలే. ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉండేవారు కాబట్టి ఆయనకి ఎవరూ చెప్పకుండానే తెలుస్తూ ఉండేది. ఆదివారం అస్థికలు కలపడానికి నాన్న పడవలో వెంట వెళ్ళారు. "ఎడమకి తిప్పరా, ముందు ఇసక మేట ఉంది" అని మావయ్యగారు పడవవాడికి దారి చెప్పారట. నీళ్ళ మధ్యకి వెళ్ళాక ఒళ్ళోని కుండ వంక చూసుకుని, "ఇవి ఎవరివి బావగారూ?" అనడిగారట. దుఃఖంతో మతి చెదిరిందనుకున్నారు నాన్న. నిన్నటితో చుట్టాలంతా వెళ్ళిపోయారు. మావయ్యగారి అక్కగారు, రాజోలు పెద్దమ్మగారు, ఒక్కరే మిగిలారు.

ఇవాళ పొద్దున్న గేటు దగ్గర నేను చెప్పేశాను. "అత్తయ్యగారు పోయేరు మావయ్యగారూ. శుక్రవారం."

ఆయన క్యాను రెండు చేతులతో పట్టుకున్నారు. "మరి నాకెవరూ చెప్పలేదేంటమ్మా?" అన్నారు.

నాకు తర్వాత మాట రాలేదు. ఆయన అక్కడే నిలబడిపోయారు. వెతుక్కుంటూ వచ్చిన పెద్దమ్మగారు సంగతి చూసి నా మీద విరుచుకుపడ్డారు. "నోరు ముయ్యవే. ఎన్నిసార్లు చంపుతావు నా తమ్ముణ్ణి?" ఆయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. కాసేపాగి ఆయన మళ్ళీ అడిగితే, "మా ఇంటికి రాజోలు వెళ్ళిందిరా, వచ్చేస్తుంది" అన్నారు. ఆయన మొహం వికసించడం కంచె ఇవతల్నుంచి నేను చూశాను.

నేను పాత ప్రశ్నల కాగితం ఒకటి తీసుకుని వెళ్ళి వాళ్ళ వసారాలో కూర్చున్నాను. ఎవరినీ ఏమీ అడగలేదు. చూశానంతే. ఆయన జుట్టులోంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి, తువ్వాలు తీసుకుని మళ్ళీ నూతి దగ్గరకి వెళ్ళారు. మాట మధ్యలో ఆగిపోయి నా వంక చూశారు. వంటింటి గుమ్మం దాటి నిలబడి, తిరిగొచ్చి, మళ్ళీ దాటారు. అత్తయ్యగారు తన మీద వేసుకుని చెప్పిన మాటలు ఒక్కొక్కటీ నా కళ్ళ ముందు ఆయన చేస్తున్నారు. మధ్యాహ్నానికి కాగితంలో రెండో చివర వరస, 'రోజూ' అన్న వరస, నిండిపోయింది. ఆ ప్రశ్నల్లోనే జవాబులన్నీ పెట్టి ఇచ్చారు ఆవిడ నాకు, ఏడాది కిందటే.

ఎందుకు దాచారో అమ్మ చెప్పింది. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో మావయ్యగారు ఒక సాయంత్రం రేవుకి వెళ్ళారట. ఎవరో, "ఏం సరంగుగారూ, భోంచేసేరా?" అని అడిగారు. "ఆయ్, ఇప్పుడేనండీ" అన్నారు ఈయన. వెంటనే ఇంకొకడు అదే అడిగాడు. మళ్ళీ అదే మర్యాదతో అదే జవాబు. రేవులో ఉన్నవాళ్ళంతా వంతులేసుకుని అడగడం మొదలుపెట్టారు. అమ్మని తోడు తీసుకుని పిలవడానికి వెళ్ళిన అత్తయ్యగారు అంతా విన్నారు. "ఏవండీ, నేను చీకట్లో దారి మర్చిపోయేను, తీసుకెళ్ళండి" అని ఆయన చెయ్యి పట్టుకున్నారట. "అంతా చూసి కూడా, ఆవిడకేదో నిజంగా దారి తెలీలేదనే అనుకున్నానే" అంది అమ్మ.

ఆ సాయంత్రం నుంచి ఆవిడకి మతిమరుపు వచ్చింది. మూడేళ్ళపాటు వీధి వీధంతా నవ్వితే ఆవిడని చూసి నవ్వింది, ఆయన్ని చూసి కాదు.

మూడు గంటలైనా మావయ్యగారు అన్నం ముట్టలేదు. వసారా చివర గుమ్మం పక్కన నిలబడి వీధి వైపే చూస్తున్నారు. "ఆవిడ రాజోలు నుంచి రానీ, తింటాను" అంటున్నారు. ఎందుకోగానీ ఆ ఒక్క మాటా ఆయనలో నిలిచింది. పెద్దమ్మగారు విస్తరాకు పట్టుకుని రెండుసార్లు వచ్చి వెళ్ళారు.

నేను లేచి ఆయన పక్కన నిలబడ్డాను. "అత్తయ్యగారు పోయేరు మావయ్యగారూ, శుక్రవారం. మీరే నిప్పు పెట్టేరు. రండి, కాళ్ళు కడుక్కుని అన్నం తినాలి."

"నాకెవరూ చెప్పలేదేంటమ్మా" అన్నారు. ఏడ్చారు. నేను చెంబుతో నీళ్ళు అందించాను. కాళ్ళు కడుక్కున్నారు. తిన్నారు.

పెద్దమ్మగారు గుమ్మంలో నిలబడి చూశారు. "పన్నెండో రోజు అవగానే రాజోలు తీసుకుపోదామనుకున్నాను. ఇక్కడుంచితే ఊరు నవ్వుతుంది" అన్నారు.

"కొత్త ఇంట్లో నూతి దారి కూడా తెలీదండీ ఆయనకి" అన్నాను. మా మేడమ్‌కి అప్పటికే ఫోన్ చేశాను. జరిగిందంతా, నా తప్పుతో సహా, చెప్పాను. ఆవిడ ముందు ఆయన ఎలా ఉన్నారో అడిగారు. తర్వాత, "ఇల్లు మారిస్తే ఉన్న అలవాట్లు కూడా పోతాయి. కర్మలయ్యాక తీసుకురా, అంతా మొదట్నుంచి చూద్దాం. ఈలోగా పుస్తకం మొదలుపెట్టు. ఆయన చేతే రాయించు" అన్నారు.

"పుస్తకమా? ఇదివరకోసారి రాసి ఉద్ధరించేవు కదా" అన్నారు పెద్దమ్మగారు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "సరే. పన్నెండో రోజుదాకా చూస్తాను" అన్నారు.

సాయంత్రం నా నోట్‌బుక్కు ముందు పెట్టుకుని మొదటి పేజీలో ఏం రాయించాలా అని కూర్చున్నాను. పరమపదించారు, కాలం చేశారు, మనల్ని విడిచి వెళ్ళారు, ఇక లేరు. ఒక్కొక్కటీ రాసి చూస్తుంటే ఆవిడ కత్తి ఆపి నా వంక చూస్తున్నట్టే ఉంది. అలా ఎవరంటారమ్మా?

చివరికి మావయ్యగారి పక్కన కూర్చుని చెప్పాను, ఆయన రాశారు. పంటు రిజిస్టరు రాసిన చెయ్యి, అక్షరాలు గుండ్రంగా, వంకర లేకుండా వచ్చాయి. "మా ఆవిడ శుక్రవారం పోయింది. నేనే నిప్పు పెట్టేను. క్యాను గుమ్మం పక్కన ఉంది, వెళ్ళి పాలు తేవాలి." రాస్తూ రెండో వాక్యం దగ్గర ఆగి, తలెత్తి నా వంక చూశారు. నేను మూడో వాక్యం చెప్పాను. కిందకి చూసి రాశారు.

బల్ల మీద వస్తువులు ఇవాళ నేను సర్దాను. బ్రష్షు, తువ్వాలు, చొక్కా. చొక్కా మీద పుస్తకం, మొదటి పేజీ తెరిచి, గాలికి పోకుండా ఈనెల కట్ట ఒకటి అడ్డంగా పెట్టి. వరస చివర క్యాను.

రేపు పొద్దున్న ఐదున్నరకల్లా కంచె దాటి వెళ్తాను. ఆయన లేచేసరికి ఆ బల్ల మీద, చొక్కాకీ క్యానుకీ మధ్య ఉన్న జాగాలో కూర్చుని ఉంటాను. ఆయన చదివేదాకా మాట్లాడను. చదివాక నిలబడిపోతే, క్యాను తీసి చేతికిస్తాను.